22 వేల కిలోమీటర్లకే కొత్త ఎస్‌యూవీ టైర్లు గుండైపోయాయి: తప్పు టైర్‌దేనా?

పోయిన ఆగస్టులో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. పక్క సీట్లో నాన్న, వెనక అమ్మ. సూర్యాపేట దాటాక వాన దంచికొట్టడం మొదలైంది. స్పీడ్ 85 ఉంటుందేమో. రోడ్డు మీద నీళ్లు నిలిచిన ఒక చోట స్టీరింగ్ ఒక్కసారిగా చేతిలో తేలికైపోయింది. నేను తిప్పుతున్నా కానీ బండికి ఆ విషయం తెలియడం లేదు. ఒక సెకను, మహా అయితే రెండు. మళ్లీ పట్టు దొరికింది. "ఏమైందిరా?" అన్నారు నాన్న. "ఏం లేదు నాన్నా" అన్నాను.

చిట్యాల దగ్గర టీకి ఆపినప్పుడు ఫోన్ టార్చ్ వేసి ముందు టైర్లు చూశా. బయటి నుంచి చూస్తే ఆఫ్‌రోడ్ బండికి ఉండాల్సినట్టే పెద్ద పెద్ద గళ్లు. కిందకి వంగి లోపలి అంచు చూస్తే మాత్రం అరిటాకులా నున్నగా ఉంది. ఓడోమీటర్ 22,400 కిలోమీటర్లు. బండి కొని రెండేళ్లు.

బండి పేరు చెప్పడం లేదు. లాడర్ ఫ్రేమ్, పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్, వెనక తలుపుకి వేలాడే ఫుల్ సైజ్ స్టెప్నీ. ఈ కథకి ఇంత చాలు.

ఫోన్ కొన్న ఏడాదికి బ్యాటరీ హెల్త్ 80కి పడిపోతే వెంటనే స్క్రీన్‌షాట్ తీసి గొడవ పెట్టుకుంటాం కదా. టైర్‌కి అలాంటి స్క్రీన్ లేదు. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అడ్వైజర్ ఒక్క చూపు చూసి "సార్, మీరు ఆఫ్‌రోడ్ ఎక్కువ చేస్తారా?" అన్నాడు. అంటే తప్పు మనదేనని మర్యాదగా చెప్పడం. బండి వారంటీలో టైర్లు రావు, అవి టైర్ కంపెనీ చూసుకోవాలి. టైర్ కంపెనీ నుంచి వచ్చినాయన ఇంకో చూపు చూసి "ఇది తయారీ లోపం కాదు, అలైన్‌మెంట్ వల్ల" అని రాసిచ్చి వెళ్లిపోయాడు. టైర్ వారంటీ తయారీ లోపాలకే. అలైన్‌మెంట్ మళ్లీ సర్వీస్ సెంటర్ పని. బంతి అటూ ఇటూ తిరుగుతోంది, నేను మధ్యలో.

350 రూపాయలకి ఆన్‌లైన్‌లో డిజిటల్ ట్రెడ్ డెప్త్ గేజ్ తెప్పించుకున్నా. మన వెబ్‌సైట్‌లో రివ్యూ చేయనంత చిన్న గ్యాడ్జెట్, కానీ ఈ ఏడాది నేను కొన్నవాటిలో డబ్బుకి న్యాయం చేసింది ఇదే. ప్రతి టైర్‌నీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు అని మూడు చోట్ల కొలిచి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టా.

కొత్తలో లోతు ఎంత ఉందో కొలిచి పెట్టుకునే బుద్ధి నాకెక్కడిది? అక్కడ స్టెప్నీ కాపాడింది. అదే కంపెనీ, అదే మోడల్, రోడ్డు మీద ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. 8.4 మిల్లీమీటర్లు. మన చట్టం ప్రకారం టైర్ గాడి లోతు కనీసం 1.6 ఉండాలి. గాడుల మధ్యలో చిన్న రబ్బరు దిమ్మలు కనిపిస్తాయే, అవి ఆ 1.6 గుర్తులే. ట్రెడ్ వాటితో సమానమైతే టైర్ పని అయిపోయినట్టు. అంటే నేను వాడుకోగలిగింది 6.8 మిల్లీమీటర్లు.

ముందు ఎడమ టైర్ లోపలి అంచు 2.3. బయటి అంచు 4.7. వెనక టైర్లలో మధ్యలో 4.4, రెండు అంచుల్లోనూ 5.6.

ఈ అంకెలు చూశాక నా అనుమానం మొత్తం తలకిందులైంది. అప్పటిదాకా "ఫ్యాక్టరీలో చవక టైర్లు వేసి అంటగట్టారు" అని తిట్టుకుంటున్నా. అందులో కొంత నిజం ఉండే అవకాశం ఉంది కూడా. కార్ల కంపెనీలు టైర్లు ఎంచుకునేటప్పుడు బరువు, శబ్దం, మైలేజ్ చూసుకుంటాయి. ఎన్నేళ్లు మన్నుతుందన్నది వాళ్ల లిస్టులో పైనే ఉండాలని లేదు. ఒకే పేరుతో ఉన్నా ఫ్యాక్టరీకి ఇచ్చే టైర్, షాపులో అమ్మే టైర్ వేరుగా ఉండొచ్చు. కానీ నా టైరే వెనక అంచుల్లో 22,400 కిలోమీటర్లకి 2.8 మిల్లీమీటర్లు మాత్రమే అరిగింది. ఆ లెక్కన 54 వేల దాకా రావాలి. ముందు లోపలి అంచు అదే దూరానికి 6.1 అరిగింది. ఆ లెక్కన 25 వేలకే ఖతం. అదే రబ్బరు, అదే బండి, అవే రోడ్లు, డ్రైవర్ కూడా ఒక్కడే. రబ్బరు నాసిరకం అయితే అన్ని చోట్లా అరగాలి కదా!

వీల్ అలైన్‌మెంట్ బయట షాపులో చేయించి, సరిచేయకముందు రిపోర్టు ప్రింట్ ఇవ్వమన్నా. ఇది మీరూ తప్పకుండా అడగండి. చాలా చోట్ల సరిచేశాక వచ్చిన పచ్చ అంకెల కాగితం మాత్రమే చేతిలో పెడతారు. నాది చూస్తే ముందు చక్రాలు ఒక్కొక్కటి 0.15 డిగ్రీలు బయటికి తిరిగి ఉన్నాయి. టో అవుట్ అంటారు. పైనుంచి చూస్తే బాతు పాదాల్లా విచ్చుకుని అన్నమాట. లోపలి అంచు తినేది ఇదే. 0.15 డిగ్రీలు అంటే నవ్వొస్తుంది కానీ లెక్క వేయండి. కిలోమీటరు ముందుకెళ్తే చక్రం 2.6 మీటర్లు పక్కకి వెళ్లాలని చూస్తుంది, బండి వెళ్లనివ్వదు. 22,400 కిలోమీటర్లకి దాదాపు 58 కిలోమీటర్లు. విశాఖ నుంచి విజయనగరం దాకా టైర్‌ని పక్కకి ఈడ్చుకెళ్లినట్టు. రబ్బరు కొంత సాగుతుంది కాబట్టి అంతా ఈడ్పు కాదు, కాగితం మీద లెక్క ఇది. అయినా విషయం అర్థమైంది కదా.

వెనక టైర్లు మధ్యలో అరగడం సింపుల్. గాలి ఎక్కువ. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద ఉండే స్టిక్కర్‌లో 33 పీఎస్‌ఐ అని ఉంది. నేను గేజ్ పెట్టి చూస్తే 40. గాలి పట్టే కుర్రాడు పెద్ద బండి కదా అని 40 కొట్టేవాడు, నేను ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఇక నా అసలు తప్పు. వర్షాకాలంలో అనంతగిరి వైపు వెళ్లినప్పుడల్లా ఫోర్ హైలో పెట్టేవాణ్ణి. బురద దాటాక మళ్లీ టూ వీల్‌లోకి మార్చడం చాలాసార్లు మర్చిపోయి, వికారాబాద్ నుంచి ఇంటిదాకా ఆరిన తారు రోడ్డు మీద అలాగే వచ్చేశా. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. నోటిఫికేషన్ల కాలం కదా, కళ్లు పట్టించుకోవడం మానేశాయి.

పార్ట్‌టైమ్ సిస్టమ్‌లో ముందు, వెనక యాక్సిల్స్ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హైలో వేయగానే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. కానీ మలుపులో ముందు చక్రాలు పెద్ద వృత్తం మీద వెళ్తాయి. 2.75 మీటర్ల వీల్‌బేస్, వెనక యాక్సిల్‌కి 6 మీటర్ల వ్యాసార్థం అనుకుంటే ముందు యాక్సిల్‌ది 6.6 అవుతుంది. పైథాగరస్ అంతే. ఒక్క యూటర్న్‌లో రెండిటి మధ్య తేడా దాదాపు రెండు మీటర్లు. బురదలో, ఇసుకలో టైర్ జారి ఆ తేడా సర్దేస్తుంది. పొడి తారు మీద జారడానికి ఇష్టపడదు, అరుగుతుంది. పార్కింగ్‌లో తిప్పుతుంటే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు మొరాయించేది. నేను "హెవీ బండి కదా" అనుకునేవాణ్ణి. బీటెక్ చదివి ఏం లాభం!

ఇంకొక్కటి మిగిలింది. 10 వేల సర్వీస్ బిల్లులో "టైర్ రొటేషన్, 600 రూపాయలు" అని ఉంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి ఉంటే నాలుగూ కాస్త సమానంగా అరగాలి. నావి అలా లేవు. ప్రతి టైర్ గోడ మీదా నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మిగతా మూడు టైర్లూ 1423, అంటే 2023లో 14వ వారం. ముందు ఎడమది మాత్రం 1623. డెలివరీ రోజు పూజ ఫోటోలు వెతికా. ముందు ఎడమ చక్రం కింద నిమ్మకాయ, పసుపు కుంకుమ బొట్లు, బంతిపూలు. నిమ్మకాయ బాగా రావాలని 3ఎక్స్ లెన్స్‌తో దగ్గరగా తీసిన ఆ ఫోటోని జూమ్ చేస్తే చక్కగా కనిపించింది: 1623. టైర్ పుట్టినప్పటి నుంచి అక్కడే ఉంది. రెండుసార్లు మారిస్తే తిరిగి అదే చోటికి వస్తుంది అనొచ్చు, కానీ బిల్లులో రొటేషన్ ఉన్నది ఒక్కసారే.

ఆ ఫోటో, స్ప్రెడ్‌షీట్, అలైన్‌మెంట్ ప్రింట్ కలిపి సర్వీస్ మేనేజర్‌కి మెయిల్ పెట్టా. టైర్లు ఇవ్వలేదు. 600 వెనక్కి ఇచ్చారు, ఏడాదిపాటు అలైన్‌మెంట్ ఫ్రీ అన్నారు. ఫోర్ హై సంగతి నేను మెయిల్‌లో రాయలేదు, ఒప్పుకుంటున్నా. బహుశా అందుకే ఇంకా గట్టిగా పోట్లాడలేకపోయా.

టైర్లు కొనేటప్పుడు ముందు రెండే మార్చుకుందాం అనుకున్నా. కుదరదు. కొత్త, పాత టైర్ల మధ్య 4 మిల్లీమీటర్లు తేడా ఉంటే చుట్టుకొలతలో ఒక శాతం తేడా వస్తుంది. ఫోర్ హైలో అది తిన్నగా వెళ్తున్నా కూడా గొడవే. షాపులో అదే మోడల్ కొత్తది కొలిస్తే 8.4, నా స్టెప్నీతో సమానం. పక్కనే ఇంకో ఆల్ టెర్రైన్ టైర్ 11 దాకా ఉంది, మనసు లాగింది. అది కొంటే ఐదూ మార్చాలి. కాబట్టి అదే మోడల్‌వి మూడు కొని, స్టెప్నీని నాలుగోదిగా దింపి, పాతవాటిలో మంచిది వెనక తగిలించా. ఒక్కోటి 14,500, మొత్తం 43,500. "అదే టైర్ మళ్లీ కొన్నావా?" అని ఆఫీసులో అందరూ అడిగారు. అంకెలు చూపించాల్సి వచ్చింది.

కొత్తవి వేశాక 3 వేల కిలోమీటర్లు తిరిగా. ముందు ఎడమ టైర్ లోపల 8.0, బయట 8.0. గాలి 33, నెలకోసారి పొద్దున్నే, బండి కదలకముందే చూస్తున్నా.

కొత్త టైర్ల కింద కూడా నిమ్మకాయలు పెట్టాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. పెట్టించా. ఈసారి ఫోటోలు నాలుగు వైపులా తీసుకున్నా, కోడ్ కనిపించేలా.