కాగితం మీద అనాథలు
కొరియా దత్తత బిడ్డల వెతుకులాట: అపోహలు – వాస్తవాలు

కొరియన్ సీరియళ్ళు ఇప్పుడు తెలుగిళ్ళలోనూ నడుస్తున్నాయి. వాటిలో తరచూ ఎదురయ్యే పాత్ర ఒకటుంది. పసితనంలో విదేశాలకు దత్తత వెళ్ళి, పెద్దయ్యాక కన్నతల్లిని వెతుక్కుంటూ సియోల్‌లో దిగే మనిషి. 2004లో వచ్చిన ‘ఐయామ్ సారీ, ఐ లవ్ యూ’ కథానాయకుడు అలా ఆస్ట్రేలియా వెళ్ళినవాడే. తెర మీద ఆ వెతుకులాట నాలుగైదు ఎపిసోడ్లలో కొలిక్కి వస్తుంది. బయట ఇరవై, ముప్పై ఏళ్ళు సాగుతుంది, చాలామందికి ఎప్పటికీ తేలదు. 1953 తర్వాత దక్షిణ కొరియా నుంచి విదేశాలకు దత్తత వెళ్ళిన పిల్లలు దాదాపు 2 లక్షల మంది ఉంటారని అంచనా. ఎక్కువమంది అమెరికాకు, మిగతావాళ్ళు ఫ్రాన్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్, బెల్జియం వంటి దేశాలకు వెళ్ళారు. వాళ్ళ గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయాల్లో చాలావాటికి ఆధారం లేదు. కొన్నయితే వాళ్ళకు అన్యాయం చేస్తున్నాయి కూడా.

అపోహ: వీళ్ళంతా యుద్ధంలో అమ్మానాన్నలను పోగొట్టుకున్న అనాథలు.

మొదలైంది యుద్ధంతోనే, అది నిజం. 1950-53 కొరియా యుద్ధం తర్వాత విదేశీ సైనికులకు, కొరియా స్త్రీలకు పుట్టిన పిల్లలను అక్కడి సమాజం తన బిడ్డలుగా ఒప్పుకోలేదు. 1955లో అమెరికాలోని ఒరెగాన్‌కు చెందిన హ్యారీ హోల్ట్, బెర్తా దంపతులు ఎనిమిది మంది కొరియా పిల్లలను దత్తత తీసుకున్నారు. అందుకోసం అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వాళ్ళ పేరుతో దత్తత సంస్థ వెలిసింది.

అయితే అత్యధికంగా పిల్లలు దేశం దాటింది యుద్ధకాలంలో కాదు, 1985లో. ఆ ఒక్క ఏడాదే 8,837 మంది వెళ్ళారు. సగటున రోజుకు ఇరవై నలుగురు. అప్పటికి యుద్ధం ఆగి 32 ఏళ్ళయింది. ఆ మరుసటి ఏడాది హ్యుందాయ్ కార్లు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. అంటే కార్లు తయారుచేసి ఎగుమతి చేసే స్తోమత వచ్చిన దేశం, తన పసిబిడ్డలను మాత్రం సాకలేనని చెప్పింది. దీన్ని పేదరికం అనడం కష్టం. ఒంటరి తల్లుల మీద, పేద కుటుంబాల మీద పెట్టాల్సిన ఖర్చును ప్రభుత్వం దత్తత సంస్థలకు వదిలేసింది. ఆ సంస్థలకు ఒక్కో బిడ్డకు వేల డాలర్ల రుసుము ముట్టేది. 1988 సియోల్ ఒలింపిక్స్ సమయంలో విదేశీ పత్రికలు ఈ సంగతి రాసి పరువు తీశాక సంఖ్య బాగా తగ్గింది.

మరి ‘అనాథ’ అన్న ముద్ర ఎలా పడింది? అమెరికా వలస చట్టం ప్రకారం బిడ్డ అనాథ అయితేనే దత్తత వీసా సులువుగా దొరికేది. కొరియాలో ప్రతి పౌరుడి పేరూ కుటుంబ రిజిస్టరులో ఉంటుంది. దత్తత సంస్థలు బిడ్డ పేరున కొత్త రిజిస్టరు తెరిపించేవి. అందులో తండ్రి గడి ఖాళీ, తల్లి గడి ఖాళీ. ఆ కుటుంబానికి పెద్దా, ఏకైక సభ్యుడూ నెలల పసికందే. అమ్మానాన్నలు ఫలానా ఊళ్ళో ఉన్నారని తెలిసిన పిల్లలు కూడా ఇలా కాగితం మీద అనాథలయ్యారు.

అపోహ: కన్నవాళ్ళు వద్దనుకుని వదిలేశారు కాబట్టే దత్తత వెళ్ళారు.

అందరి కథా ఒకటి కాదు. ఇష్టపడి ఇచ్చినవాళ్ళున్నారు, దారి లేక ఇచ్చినవాళ్ళున్నారు. తమ బిడ్డ దేశం దాటిందని తెలియనివాళ్ళూ ఉన్నారు.

1976లో సియోల్‌లోని నాందెమున్ మార్కెట్‌లో ఒక మూడేళ్ళ పాప తప్పిపోయింది. పాపను దత్తత పేరుతో అమెరికాకు పంపేశారు. కన్నతల్లికి అదేమీ తెలియదు. కుటుంబం ఆ మార్కెట్‌ను వదల్లేదు. అక్కడే దుకాణం నడుపుతూ, వచ్చేపోయే ముఖాల్లో ఆ పిల్ల ముఖం కోసం చూస్తూ బతికింది. కూతురు 2016లో కొరియా వచ్చి డీఎన్ఏ నమూనా ఇచ్చింది. మరుసటి ఏడాది తల్లీ ఇచ్చింది. 2020 అక్టోబరులో, కొవిడ్ వల్ల విమానాలు లేక, ఇద్దరూ వీడియో కాల్‌లో ఒకరినొకరు చూసుకున్నారు. 44 ఏళ్ళ తర్వాత. ఆ తల్లిని పట్టుకుని ‘వదిలేసింది’ అనగలమా? 2006 శీతాకాల ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున స్కీయింగ్‌లో కాంస్యం గెలిచిన టోబీ డాసన్ కూడా బూసాన్ మార్కెట్‌లో తప్పిపోయిన పిల్లవాడే. పతకం వచ్చాక ‘మా బిడ్డే’ అంటూ ఎంతోమంది ముందుకొచ్చారు. 2007లో డీఎన్ఏ పరీక్షతో అసలు తండ్రి తేలాడు.

1980ల నాటికి దత్తత వెళ్ళిన పిల్లల్లో అత్యధికులు పెళ్ళికాని తల్లుల బిడ్డలు. అప్పటి కుటుంబ చట్టంలో ఇంటి పెద్ద మగవాడే. బిడ్డ తండ్రి వంశం కింద నమోదవ్వాలి. తండ్రి ఒప్పుకోకపోతే ఆ బిడ్డకు బడిలోనూ పెళ్ళి సంబంధాల్లోనూ తలెత్తుకునే వీలుండదు. ఈ విధానం 2008 జనవరిలో గానీ రద్దు కాలేదు. గర్భిణులకు ఆశ్రయమిచ్చే వసతి గృహాలు కొన్నిటిని దత్తత సంస్థలే నడిపేవి. పురుడు పోసుకోకముందే బిడ్డను వదులుకునే కాగితాలపై సంతకాలు పెట్టించుకునేవారు. తల్లికి కనీసం ఏడు రోజులు ఆలోచించుకునే గడువు ఇవ్వాలన్న నిబంధన 2012లో వచ్చింది. ఆ చట్టం రావడానికి పోరాడినవాళ్ళలో దత్తత వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, పెళ్ళికాని తల్లులు ఉన్నారు. అమెరికాలోని మిన్నెసోటాలో పెరిగి, సియోల్‌కు వచ్చి స్థిరపడిన రచయిత్రి జేన్ జంగ్ ట్రెంకా వాళ్ళలో ఒకరు.

అపోహ: ఫైలు తెరిస్తే నిజం తెలిసిపోతుంది.

ఈ అపోహ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వెతుకులాటలో మనుషులు కుప్పకూలిపోయేది ఇక్కడే.

ఫైల్లో ఏముంటుంది? ఛాతీ మీద నంబరు పలక పట్టుకున్న ఒక పాప ఫొటో. సంస్థ పెట్టిన పేరు. అంచనాగా వేసిన పుట్టినరోజు. ఫలానా పోలీసు ఔట్‌పోస్టు దగ్గర దొరికిందన్న ఒక వాక్యం. అదే వాక్యం ఎంతోమంది ఫైళ్ళలో ఊరి పేరు మాత్రమే మారి కనిపిస్తుంది.

దర్శకురాలు డియాన్ బోర్షే లీమ్ విషయమే చూడండి. 1966లో, ఎనిమిదేళ్ళ వయసులో, చా జంగ్ హీ అనే పేరుతో ఆమె కాలిఫోర్నియా చేరారు. కానీ ఆమె చా జంగ్ హీ కాదు. అసలు పేరు కాంగ్ ఓక్ జిన్. కన్నతల్లి, తోబుట్టువులు కొరియాలో ఉన్నారు. అసలు చా జంగ్ హీని ఆమె తండ్రి అనాథాశ్రమం నుంచి ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. అమెరికాలోని కుటుంబమేమో అప్పటికే ఆ పేరు గల పాపకు నెలనెలా డబ్బు పంపుతోంది, ఆమెకోసం ఎదురుచూస్తోంది. ఖాళీ అయిన చోట ఇంకో పిల్లను పెట్టి పంపారు. నువ్వెవరో ఎవరికీ చెప్పకు అని ఆ పిల్లకు గట్టిగా చెప్పి మరీ పంపారు. ఇంగ్లిషు వచ్చాక ఆమె పెంచిన తల్లితో నేను అనాథను కాను, ఆ పేరు నాది కాదు అని చెప్పుకుంది. పిల్లకు పీడకలలు వస్తున్నాయనుకుంది ఆ తల్లి. పెద్దయ్యాక ఫైలు తిరగేస్తే రెండు ఫొటోలు దొరికాయి. రెండిటి కిందా ఒకే పేరు. ముఖాలు మాత్రం వేరు. ఆ పేరున్న అసలు మనిషిని వెతుకుతూ తీసిన ‘ఇన్ ద మేటర్ ఆఫ్ చా జంగ్ హీ’ చిత్రం 2010లో వచ్చింది.

ఇది ఎక్కడో ఒకటి జరిగిన పొరపాటని చాలాకాలం కొట్టిపారేశారు. డెన్మార్క్‌లో పెరిగిన కొరియా దత్తత బిడ్డలు 2022లో దక్షిణ కొరియా ‘సత్యం–సయోధ్య కమిషన్’ తలుపు తట్టారు. వాళ్ళతో కలిపి 11 దేశాల నుంచి 367 మంది ఫిర్యాదు చేశారు. 2025 మార్చి 26న కమిషన్ తన నిర్ధారణలు ప్రకటించింది. పిల్లల వివరాలు తారుమారు చేశారని, దత్తతకు సిద్ధం చేసిన బిడ్డ చనిపోయినా, సొంతవాళ్ళు వచ్చి తీసుకెళ్ళినా ఆ పేరు మీద ఇంకో బిడ్డను పంపారని, తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని, వీటిని అడ్డుకోవాల్సిన ప్రభుత్వం ఆ పని చేయలేదని తేల్చింది. తొలి విడతలో 56 మందిని మానవ హక్కుల ఉల్లంఘన బాధితులుగా గుర్తించింది. అదే ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు లీ జే మ్యంగ్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే చాలు.

పరీక్ష చేయించుకున్న రెండో మనిషి ఉంటేనే ఫలితం. విదేశాల్లో దొరికే డీఎన్ఏ కిట్లను కొరియాలో ఉంటున్నవాళ్ళు వాడటం బాగా తక్కువ. అందుకే చాలామందికి దూరపు బంధువో, తమలాగే దత్తత వెళ్ళిన ఇంకొకరో మాత్రమే తగులుతారు. 2020 జనవరి నుంచి 14 దేశాల్లోని కొరియా రాయబార కార్యాలయాల్లో డీఎన్ఏ నమూనా ఇచ్చే వీలు కల్పించారు. తప్పిపోయిన పిల్లల కోసం కుటుంబాలు ఇచ్చిన నమూనాలతో వాటిని పోల్చి చూస్తారు. కన్నవాళ్ళ వివరాలు ఏవీ దొరకనివాళ్ళకు ఇది మంచి దారి. కానీ ఆ తల్లి కూడా వచ్చి నమూనా ఇచ్చి ఉండాలి. భర్తకు, అత్తింటివాళ్ళకు ఎన్నడూ చెప్పని రహస్యం గుండెల్లో పెట్టుకున్న డెబ్బై ఏళ్ళ ఆవిడ పోలీసుస్టేషను మెట్లెక్కడం తేలిక కాదు.

వివరాలు ఉన్నా చేతికి రావు. అధికారులు కన్నవాళ్ళకు ఉత్తరం పంపి సమ్మతి అడుగుతారు. వాళ్ళు వద్దంటే పేరు, చిరునామా ఇవ్వరు. కన్నవాళ్ళ గోప్యతకూ బిడ్డ హక్కుకూ మధ్య పడిన ముడి ఇది. ఇద్దరిదీ న్యాయమే. అయినా, సమ్మతి అడిగే పనిని ఒక ఉత్తరంతో సరిపెట్టడం చాలదని నా అభిప్రాయం. నేర్పున్న మధ్యవర్తి వెళ్ళి మాట్లాడితే తలుపులు తెరుచుకునే ఇళ్ళు ఎన్నో ఉంటాయి.

డీఎన్ఏ సరిపోయాక కూడా దారి మూసుకుపోవచ్చు. 1983లో గ్వేసాన్ అనే ఊరి మార్కెట్ పార్కింగ్ స్థలంలో దొరికిన రెండేళ్ళ పాప కారా బోస్‌గా మిషిగన్‌లో పెరిగారు. ఒక డీఎన్ఏ వెబ్‌సైట్ ద్వారా తండ్రి తరఫు బంధువు ఆచూకీ తెలిసింది. ఆ కుటుంబం కలవడానికి ఒప్పుకోలేదు. తన తండ్రి అనుకున్న మనిషి మీద ఆమె కోర్టుకెక్కారు. 2020 జూన్ 12న సియోల్ ఫ్యామిలీ కోర్టు ఆమె ఆయన కూతురేనని తీర్పిచ్చింది. విదేశీ దత్తత వెళ్ళినవాళ్ళలో ఇలా గెలిచింది ఆమే మొదటివారు. తీర్పు తర్వాత తండ్రిని కలిశారు. ఆమె అడగాలనుకున్నది ఒక్కటే, మా అమ్మ ఎవరు? ఆ భేటీలో దానికి జవాబు రాలేదు.

అపోహ: కన్నవాళ్ళను వెతకడమంటే పెంచినవాళ్ళకు ద్రోహం చేయడం.

ఈ మాట అనేవాళ్ళు దత్తత వెళ్ళినవాళ్ళను ఒక్కసారీ అడిగి ఉండరు. పెంచిన అమ్మను చేయి పట్టుకుని సియోల్‌కు తీసుకొచ్చి, కన్నతల్లికి పరిచయం చేసినవాళ్ళున్నారు. పెంచినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని, వాళ్ళు పోయేదాకా ఆగి వెతుకులాట మొదలుపెట్టినవాళ్ళున్నారు. ఆలోగా అక్కడ కన్నతల్లి కూడా పోయి ఉంటుంది. డాక్టరు మీ కుటుంబంలో షుగర్ ఉందా, గుండెజబ్బుందా అని అడిగిన ప్రతిసారీ తెలియదని చెప్పాల్సి రావడం చిన్న విషయం కాదు. తనకు పిల్లలు పుట్టినప్పుడు ఆ ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

అపోహ: రక్తంలో ఉంటుంది కాబట్టి కొరియా వెళ్ళగానే కలిసిపోతారు.

ముఖం చూసి దుకాణదారు కొరియన్‌లో మాట్లాడతాడు. జవాబు రాకపోతే చిన్నచూపు చూస్తాడు. స్వీడన్‌లో, మిన్నెసోటాలో పరాయి ముఖం, సియోల్‌లో పరాయి నాలుక. కన్నతల్లిని కలిసిన రోజు కూడా మధ్యలో దుబాసీ కూర్చోవాలి. తల్లి కంచం నిండా వడ్డిస్తూనే ఉంటుంది. బిడ్డకు ఆ కూరల పేర్లే తెలియవు. వయసులో తేడాను బట్టి మనలాగే అక్కా, అన్నా అని వరసలు పెట్టి పిలవాల్సిన ఇంట్లో, పేరు పెట్టి పిలిచి తప్పు చేశాననుకుని కుమిలిపోతుంది. మొదటి కలయిక కన్నీళ్ళ ఫొటో పత్రికల్లో వస్తుంది. ఆ తర్వాతి పదేళ్ళ గురించి ఎవరూ రాయరు. ఆ పదేళ్ళలోనే బంధం నిలబడటమో తెగిపోవడమో జరుగుతుంది. 1999 నాటి చట్టంతో వాళ్ళు కొరియాలో ఉండి పనిచేసుకునే వీలు వచ్చింది. 2011 నుంచి, తమకున్న విదేశీ పౌరసత్వం వదలకుండానే కొరియా పౌరసత్వం తిరిగి పొందవచ్చు. వీసా, పాస్‌పోర్టు చట్టం ఇచ్చింది. భాష, తిండి, వరసలు ఎవరికి వాళ్ళు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకోవలసిందే.

అపోహ: అమెరికన్లు దత్తత తీసుకుంటే అమెరికా పౌరసత్వం దానంతటదే వస్తుంది.

2000లో చేసిన చట్టం, 2001 ఫిబ్రవరి నాటికి 18 ఏళ్ళు నిండనివాళ్ళకే వర్తిస్తుంది. అంతకుముందు పెంచినవాళ్ళు దరఖాస్తు చేయకపోతే ఆ బిడ్డ పౌరుడు కాడు. మూడేళ్ళ వయసులో 1979లో వెళ్ళిన ఆడం క్రాప్సర్‌ను 37 ఏళ్ళ తర్వాత, 2016లో, భాష కూడా రాని కొరియాకు పంపించేశారు.

అపోహ: ఇదంతా కొరియా గొడవ, మనకేం సంబంధం?

మనకూ ఉంది. 1990ల చివర, 2001లో హైదరాబాద్ చుట్టుపక్కల శిశువుల అమ్మకాల వ్యవహారం బయటపడింది. నల్లగొండ వంటి జిల్లాల లంబాడా తండాల్లో ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశీ దత్తతకు పంపినట్టు తేలింది. 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళను దత్తత తీసుకున్న అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్‌కు, ఆ పిల్లల తల్లి వాళ్ళను ఇష్టపడి ఇవ్వలేదని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆయన విదేశీ దత్తతల్లో జరిగే మోసాల గురించి ఎన్నో పరిశోధన వ్యాసాలు రాశారు. అప్పట్లో ఇక్కడి నుంచి వెళ్ళిన పిల్లలకు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. వాళ్ళలో ఎవరైనా ఒక పాత ఫొటో పట్టుకుని తండాకు వచ్చి నిలబడితే అనుమానంగా చూడకండి, ఆస్తి కోసం వచ్చారని చెవులు కొరుక్కోకండి. ఊళ్ళో పాత మంత్రసానికో, రిటైరైన టీచరుకో చూపించి, తెలిసినంత చెప్పండి.

దత్తత బిడ్డను పెంచుకుంటున్నవాళ్ళకూ ఒక విన్నపం. ఆ సంగతి బిడ్డకు చిన్నప్పుడే, మీ నోటితోనే చెప్పండి. శిశుగృహం ఇచ్చిన ప్రతి కాగితం, ఆసుపత్రి చీటీ, బిడ్డ ఒంటి మీదున్న బట్ట సహా దాచిపెట్టండి. 18 ఏళ్ళు నిండాక మూలాల కోసం కేంద్ర దత్తత సంస్థ ‘కారా’కు దరఖాస్తు చేసుకునే వీలు మన నిబంధనల్లో ఉంది. ఆ రోజు వస్తే మీ బిడ్డ చేతిలో ఆ కాగితాలు మీరే పెట్టండి.