మత్తిగిరి నుంచి ఎడిన్‌బరోకి

హోసూరు: ఇంట్లో ఆరు ఆవులు. పొద్దున్నే పాలు పితికి కాలేజీకి పోయి బీఎస్సీ జువాలజీ ముగించిన మత్తిగిరి అమ్మాయికి ఎడిన్‌బరో పశువైద్య కళాశాలలో సీటొచ్చింది. మామూలుగా ఐదేళ్ల చదువు, డిగ్రీ ఉన్నవారికి నాలుగేళ్లే. ఆ కళాశాల పుట్టింది 1823లో. మరుసటి ఏడాదే సైన్యం గుర్రాల కోసం మత్తిగిరి ఫారం పెట్టారు. ఆ ఫారం పక్కనే పెరిగిన పిల్ల ఈమె.

ఐఈఎల్‌టీఎస్ అయింది. వీసాకు క్షయ పరీక్ష మిగిలింది. ఈలోగా పక్కూరి కాపరి దగ్గర గొర్రెల ఈతలు చూస్తోంది. అక్కడి విద్యార్థులు సెలవుల్లో ఫారాల్లో పనిచేయాలి, స్కాట్లాండ్‌లో ఆవుల కన్నా గొర్రెలే ఎక్కువ. ‘‘ఆవు సంగతి తెలుసు, గొర్రె దగ్గర నేను కొత్తే’’ అని నవ్వుతోంది.

రెండెకరాలు బ్యాంకులో కుదువ పెట్టేకి నాయన కాగితాలు సిద్ధం చేశాడు. సంతకం మాత్రం పెట్టలేదు. ‘‘చదివొచ్చినాక మన ఆవుకి సూదేసేకి ఇక్కడ ఒప్పుకుంటారా పాపా?’’ అన్నది ఆయన ప్రశ్న. వట్టి భయం కాదది. 1984 చట్టం ప్రకారం పశువైద్యులుగా నమోదైనవారే ఇక్కడ వైద్యం చేయాలి. విదేశీ డిగ్రీకి గుర్తింపు ఉంటేనే ఆ నమోదు. సీటు ఇప్పించే ఏజెంట్లు ఈ మాట ఎత్తడం తక్కువే. అమ్మాయి వెటర్నరీ కౌన్సిల్‌కు ఉత్తరం రాసింది. జవాబు చూశాకే సంతకమని నాయన పట్టు.