టీకా గురించి ఫోనును అడిగే ముందు

పదేళ్లు దాటిన పిల్లలకు కూడా టీకాలు అవసరమా? అవును. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టి.డి. టీకాను 10వ ఏట, మళ్లీ 16వ ఏట వేయించాలి. ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడేది హెచ్.పి.వి. టీకా.

ఈ టీకా పేరు వింటే కొందరు భయపడతారు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కోసం వేలాది బాలికలకు దీన్ని వేశారు. హాస్టల్ పిల్లలలో చాలామందికి తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు చేశారు. 2010లో అధ్యయనం ఆగిపోయింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేలింది. కాని అనుమతి తీసుకున్న తీరు తప్పని కూడా తేలింది. అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు.

అరసవల్లిలో రాత్రి పదింటికి అనుమానం వచ్చినా ఇప్పుడు ఫోనులో చాట్‌బాట్‌ను అడగవచ్చు. మనం రాసిన ప్రశ్నకు వెంటనే జవాబిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం ఇది. 2020లో కరోనా సమాచారానికి కేంద్ర ప్రభుత్వం వాట్సాప్‌లో ఇలాంటిదే నడిపింది.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. హెచ్.పి.వి. ఎన్ని డోసులని అడిగితే ఒకసారి "రెండు" అని, మరోసారి "ఒకటి" అని రావచ్చు. 9 నుంచి 14 ఏళ్ల వారికి రెండు డోసులు వేసేవారు. ఒక్కటి కూడా చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీ అమ్మాయికి ఎన్ని వేయాలో డాక్టరు చెప్పాలి. గతంలో ఏదైనా టీకా పడకపోయినా, జ్వరం ఎక్కువగా ఉన్నా అది ఫోనుకు తెలియదు. నర్సుకు మీరే చెప్పాలి.

ఫోను ఇచ్చిన జవాబును కాగితం మీద రాసుకుని ఆస్పత్రికి తీసుకురండి. సందేహం తీరాకే సంతకం చేయండి.