రెండు నెత్తురుల సంగమం

హైదరాబాద్ దగ్గరి సురంగల్ ఊరి చుట్టుపక్కల కురిసిన వాన ఎర్రమట్టిని కడుక్కుంటూ, వాగులుగా వంకర్లు తిరుగుతూ జంట జలాశయాల దారి పడుతుంది. మూసీని ఆపి 1920లో నిలిచింది ఉస్మాన్‌సాగర్. ఈసీని ఆపి 1927లో పూర్తయింది హిమాయత్‌సాగర్. ఆ రెండు ఏర్లూ దిగువన లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఒకటవుతాయి. అలాంటి సంగమమే ఒకటి మనందరి ఒంట్లోనూ, కుడి పక్కటెముకల చాటున, రేయింబవళ్లు సాగుతోంది. మన ఊళ్లలో కార్జం అనే కాలేయంలో కలిసే రెండు ప్రవాహాలూ నెత్తుటివే. ఒకటి మోదుగపూల ఎరుపు, రెండోది పండిన నేరేడు నలుపు.

ఉదరవితానం కింద ఒదిగి, ముదురు గోధుమ ఎరుపులో నిగనిగలాడుతూ, దాదాపు కిలోన్నర బరువుతో ఉంటుంది కాలేయం. పైభాగం నున్నగా, గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. అడుగున ఆకుపచ్చని పిత్తాశయం వేలాడుతుంది. ఆ పక్కనే ఉన్న లోతైన చీలికే దాని సింహద్వారం. గుండె నుంచి బయల్దేరి ప్రాణవాయువుతో తళతళలాడే నెత్తురును కాలేయ ధమని అక్కడికే తెస్తుంది. అయితే కాలేయానికి చేరే నెత్తురులో అది పావు వంతే. మిగిలిన ముప్పావు భాగం కాలేయ నిర్వాహక సిరది. పేగుల నుంచీ ప్లీహం నుంచీ వచ్చే సిరలు క్లోమం వెనక కలిసి ఆ పెద్ద సిర పుడుతుంది. మనం తిన్న అన్నంలోని తీపి, పప్పులోని సారం అందులో కరిగి మెల్లగా, చిక్కగా వస్తాయి. ఒంట్లో ఒకసారి పని ముగించిన నెత్తురు మామూలుగా నేరుగా గుండెకు తిరిగిపోతుంది. ఈ నల్లని నెత్తురు మాత్రం దారిలో ఆగి, మరో అవయవానికి ఆహారం వడ్డించి గానీ కదలదు. నిమిషానికి సుమారు లీటరున్నర నెత్తురు ఆ ద్వారం దాటుతుంది. సృష్టిలోని ఈ ఏర్పాటు ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు పాతబడదు.

ఇక లోపల! కొమ్మలు రెమ్మలై, రెమ్మలు ఈనెలై, చివరికి మిల్లీమీటరంత వెడల్పున్న ఆరుకోణాల గదుల అంచుల దాకా చేరతాయి ఆ నాళాలు. ఎరుపూ నలుపూ అక్కడ కలుస్తాయి. జల్లెడ కన్నాల గోడలున్న సన్నని కాలువల్లో, కణాల వరుసలను రాసుకుంటూ, గది నడుమనున్న సిర వైపు నెత్తురు నెమ్మదిగా జారుతుంది. ఆ గోడలనే అంటిపెట్టుకుని కాపలా కణాలు కొట్టుకొచ్చిన సూక్ష్మజీవులనూ, ముసలివైన ఎర్రకణాలనూ మింగేస్తుంటాయి. అదే వేళ, వరుసల్లోని కాలేయ కణాల నడుమ, పసుపు బంగారు రంగులో పైత్యరసం ఊరి ఎదురు దిశలో అంచులకు పారుతుంది. ఒకే ఇంట్లో రెండు వాలులు! మధ్యకు చేరిన నెత్తురు మూడు పెద్ద కాలేయ సిరల గుండా మహాసిరలో పడి గుండెకెక్కుతుంది.

కాలేయం ముందుభాగాన బొడ్డు వైపు దిగే ఒక తాడు కనిపిస్తుంది. ఇప్పుడది గట్టిపడిన నార మాత్రమే. తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ అది సిరే. మాయలో ప్రాణవాయువు నింపుకున్న నెత్తురు బొడ్డుతాడు గుండా వచ్చి, ఆ సిరలోంచే బిడ్డ కాలేయంలో అడుగుపెట్టేది. పుట్టాక ఆ దారి మూసుకుపోయింది. ఆనవాలు మాత్రం బతికినంత కాలం ఉంటుంది.

బతికున్న మనిషి తన కాలేయంలో సగానికి పైగా మరొకరికి ఇవ్వగలడు. కోసిన ముక్క తిరిగి మొలవదు గానీ, మిగిలింది ఉబ్బి కొన్ని నెలల్లో దాదాపు మునుపటి బరువుకు చేరుతుంది. పుచ్చుకున్న ఒంట్లో నాటిన ముక్కా అలాగే పెరుగుతుంది. ఆ ముక్కకు వైద్యులు ముందు కాలేయ సిరను, తర్వాత నిర్వాహక సిరను అతుకుతారు. బిగింపులు వదలగానే, అప్పటిదాకా చల్లగా, పాలిపోయి ఉన్న ఆ ముక్క అంచు నుంచి అంచుకు ఎరుపెక్కుతుంది. ఆపై ధమని కూడా అందుకున్నాక, ఆపరేషన్ బల్ల మీదే పసుపుపచ్చని పైత్యరసం మళ్లీ ఊరడం మొదలవుతుంది.