పైనుంచి చూస్తే పరుగే కనిపిస్తుంది

ఉపగ్రహం లారీల లెక్క తీస్తోంది. జేబులో ఫోను మన వేగం చెప్పేస్తోంది. డ్రోను బైకు వేసే ప్రతి మలుపునూ పట్టేస్తోంది. ఇన్ని కళ్లున్న రోడ్డు మీద నడిచి దాటే మనిషి మాత్రం ప్రాణం పోయాకే లెక్కకెక్కుతున్నాడు.

ఉపగ్రహ చిత్రంలో జాతీయ రహదారి సన్నటి బూడిదరంగు గీతలా ఉంటుంది. దాన్ని పెద్దది చేసి చూస్తే గీత మీద అక్కడక్కడ మూడేసి చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కనబడతాయి. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. మూడూ కలిపి ఒక్క లారీ!

యూరప్ అంతరిక్ష సంస్థ 2015లో ఒకటి, 2017లో ఒకటి పంపిన సెంటినెల్–2 ఉపగ్రహాలు 786 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ భూమిని ఫొటోలు తీయడం మొదలుపెట్టాయి. ఫోను కెమెరాలా ఇవి రంగులన్నీ ఒకేసారి తీయవు. ముందు నీలం, అర సెకను తర్వాత ఆకుపచ్చ, మరో అర సెకనుకు ఎరుపు. కొండ, చెరువు, ఇల్లు కదలవు గనక వాటి మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ మాత్రం ఆ ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. ఈ చిత్రంలో ఒక్కో గడి నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. నీలం ఒక గడిలో పడితే ఎరుపు రెండు గడుల అవతల పడుతుంది. రంగులు విడిపోయాయంటే అక్కడ ఏదో పరుగెడుతోందన్నమాట.

ఈ రంగుల తోకను పట్టుకుని రోడ్ల మీది లారీలను లెక్కించవచ్చని హెన్రిక్ ఫిస్సర్, ఆయన సహచరులు 2022లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. చుక్కల వరుసను బట్టి లారీ ఎటు పోతోందో, వాటి మధ్య ఎడాన్ని బట్టి ఎంత వేగంగా పోతోందో కూడా అంచనా కట్టారు. కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో యూరప్ రహదారుల మీద సరుకు రవాణా తీరు తెలుసుకోవడానికి ఈ పద్ధతి అక్కరకొచ్చింది. సెంటినెల్ చిత్రాలకు పైసా కట్టక్కర్లేదు. ఏ ఇంజినీరింగ్ విద్యార్థి అయినా ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. రోడ్డు పక్కన కెమెరా పెట్టాలంటే స్తంభం కావాలి, కరెంటు కావాలి, చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి మొత్తాన్నీ, మబ్బు లేకపోతే ఐదు రోజులకోసారి ఒక్క స్తంభం పాతకుండా చూడగలగడం చిన్న విషయం కాదు.

ఆకాశం నుంచి రోడ్డును కొలవాలన్న కోరిక పాతదే. 1920ల చివర్లోనే అమెరికాలో ఎ.ఎన్. జాన్సన్ అనే ఇంజినీరు బాల్టిమోర్–వాషింగ్టన్ రోడ్డును విమానం మీంచి వరుసగా ఫొటోలు తీయించి బండ్ల మధ్య ఎడం లెక్కగట్టారు.

అయితే సెంటినెల్‌కు కనిపించనివి చాలా ఉన్నాయి. లారీ ఆగిందంటే దాని లెక్కలోంచి మాయమే. కదలని లారీకి మూడు రంగులూ ఒక్కచోటే పడతాయి గనక ఉపగ్రహం రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డుకూ లారీకీ తేడా చెప్పలేదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఈడ్చుకుంటూ పోయే బండి సెకనుకు జరిగేది ఎనిమిది మీటర్లే, గడి కూడా దాటదు. కార్లు, బైకులు ఎలాగూ పది మీటర్ల గడిలో కలిసిపోతాయి. సంక్రాంతికి ముందు చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా వద్ద బండ్లు బారులు తీరిన పొద్దున ఈ చిత్రం తీశారనుకోండి, హైదరాబాద్–విజయవాడ రహదారి ఖాళీగా ఉన్నట్టే లెక్క తేలుతుంది. రోడ్డు బాగా నడుస్తున్నప్పుడే ఇది చూడగలదు. రోడ్డుకు ఊపిరాడనప్పుడు చూడలేదు. పైగా ఉపగ్రహం మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర, పదకొండు మధ్య. దూరప్రయాణపు లారీలు ఎన్నో రాత్రిపూటే నడుస్తాయి. వానాకాలమంతా మబ్బు.

ఇంతకన్నా పదునైన కన్ను మన ఇస్రోకు ఉంది. 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ–సి47 మోసుకెళ్లిన కార్టోశాట్–3 నేల మీద 30 సెంటీమీటర్ల లోపు తేడాను కూడా విడదీసి చూపగలదు. అలాంటి చిత్రంలో కారు ఏదో, లారీ ఏదో తేలిగ్గానే తెలుస్తుంది. కానీ అది ఒక క్షణపు ఫొటో, ఆ మరుక్షణం రోడ్డు మీద ఏం జరిగిందో చెప్పదు. దానితో బండ్లను లెక్కపెట్టడం కన్నా, బండ్ల దారికి అడ్డొచ్చేవాటిని వెతకడం మేలని నాకనిపిస్తుంది.

వరి కోతలప్పుడు మన పల్లె రోడ్లు చూడండి. తారు వేడికి త్వరగా ఆరతాయని రోడ్డు సగం మేర వడ్లు పోస్తారు. పొద్దుగుంకాక వాటిని కుప్పచేసి, పైన నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద బండరాళ్లు పెడతారు. బైకు మీద వచ్చేవాడికి ఎదుటి బండి లైటు కళ్లలో కొడుతుంటే ఆ నల్ల పరదా నల్ల రోడ్డులో కలిసిపోతుంది. ముందు చక్రం తగిలేది రాయికే. ఇలా పోయిన ప్రాణాల గురించి ప్రతి కోతల కాలంలోనూ జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. రైతును తిట్టి లాభం లేదు. కల్లం లేనివాడు వడ్లు ఎక్కడ ఆరబోసుకుంటాడు? నల్లటి రోడ్డు మీద పరిచిన పసుప్పచ్చ పట్టీ అంత స్పష్టమైన చిత్రంలో దాగేది కాదు. యాసంగి కోతల పక్షం రోజుల్లో ఏ మండలంలో ఏ రోడ్డు మీద ఎంత మేర వడ్లున్నాయో పటం గీస్తే, సిమెంటు కల్లాలు ముందు ఏ ఊళ్లో కట్టాలో అదే చెబుతుంది.

ఇక ఫోను. గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ఎర్రగీతలు చాలావరకు మన జేబుల్లోంచి వచ్చినవే. 2009 నుంచి గూగుల్ ఫోన్ల కదలికను పోగుచేసి రోడ్ల వేగం చెబుతోంది. ఉపగ్రహం చూడలేని జామ్‌ను ఇది చక్కగా చూస్తుంది. మోసపోనూ పోతుంది. 2020లో బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 99 ఫోన్లను ఒక చిన్న తోపుడుబండిలో వేసుకుని ఖాళీ వీధిలో నడిస్తే, మ్యాప్‌లో ఆ వీధి ఎర్రబారిపోయింది. మన దగ్గర చిక్కు వేరే ఉంది. కారు ఆగిపోయిన చోట బైకు సందు చూసుకుని దూరిపోతుంది. ఒకే రోడ్డుకు ఒకే నిమిషంలో రెండు వేగాలు. టూవీలర్లకు వేరే దారి చూపే ఏర్పాటును గూగుల్ 2017 డిసెంబరులో మన దేశంలోనే మొదలుపెట్టింది.

బైకుల మనసు నిజంగా తెలుసుకోవాలంటే ఏథెన్స్ దాకా వెళ్లాలి. 2018 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్ంపౌనాకిస్, గెరోలిమినిస్ అనే పరిశోధకులు ఆ నగరం నడిబొడ్డున పది డ్రోన్లను ఎగరేశారు. బ్యాటరీ అయిపోయేలోపు దిగి, మళ్లీ లేచి, ఉదయం రద్దీ వేళ వీధులన్నీ వీడియో తీశాయవి. కార్లు, బస్సులు, బైకులు అన్నీ కలిపి దాదాపు ఐదు లక్షల వాహనాల దారిని క్షణక్షణం గీసి, ఆ డేటాను అందరికీ తెరిచిపెట్టారు. ఏ బైకు ఎక్కడ రెండు కార్ల మధ్య దూరింది, ఏ కారు ఎక్కడ ఉన్నట్టుండి బ్రేకు వేసింది అన్నీ అందులో ఉన్నాయి. మన కూడళ్లకు కావలసింది ఇలాంటి డేటానే అని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికి ఒక లెక్క చూడాలి.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్లేవారు, 19 మందికి పైగా నడిచి వెళ్లేవారు. ఉపగ్రహం పోల్చుకోలేని బైకు, ఎర్రగీతలో చోటులేని పాదచారి. పోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరు దాదాపు వీళ్లే. మన నిఘా అంతా కారువాడు ఎంతసేపు ఆగాడన్నదాని చుట్టూ తిరుగుతోంది. ఆలస్యం కొలవడం తప్పు కాదు. కానీ ఆలస్యం కొలిచినంత శ్రద్ధగా ప్రమాదాన్ని కొలవకపోవడం నాకు మింగుడుపడదు.

కొలత అసలే లేదని కాదు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లిన పోలీసు ఇప్పుడు ఫోనులోనే వివరాలు నింపి, ఆ చోటును పటం మీద గుర్తిస్తున్నాడు. ఐఐటీ మద్రాసు, ఎన్‌ఐసీ కలిసి తయారుచేసిన ఈ వ్యవస్థ పేరు ఈ–డార్. మంచి పని. అయితే అది ప్రమాదం తర్వాతి పని. బ్లాక్ స్పాట్‌కు కేంద్రం చెప్పే నిర్వచనం తెలుసా? 500 మీటర్ల మేర మూడేళ్లలో ప్రాణం పోయేవో ఒళ్లు విరిగేవో ఐదు ప్రమాదాలు జరగాలి, లేదంటే పది మంది చనిపోవాలి. అప్పటిదాకా ఆ చోటు కాగితం మీద మామూలు రోడ్డే.

నాలుగు వరసల రహదారి చీల్చుకుంటూ పోయిన ఊరు ఏదైనా తీసుకోండి. ఇళ్లు ఇటు, బడి అటు, హైదరాబాద్ బస్సు ఆగేది అటు. అండర్‌పాస్ కిలోమీటరు దూరం. డివైడరు ఒకచోట విరగ్గొట్టి ఉంటుంది, జనం అక్కడే దాటతారు. పాల క్యాను పట్టుకున్న పెద్దాయన డివైడరు మీద నిలబడి, ఒక లారీ పోయాక అడుగు వేసి, వెనకాల వచ్చే కారును చూసి మళ్లీ వెనక్కి వేస్తాడు. ఆ వెనక్కి వేసిన అడుగు ఏ లెక్కలోనూ పడదు. కారు కొట్టిన బ్రేకు కూడా పడదు. పైన ఒక డ్రోను అరగంట నిలబడితే రెండూ పడతాయి. ఎంతమంది దాటారు, ఒక్కొక్కరు డివైడరు మీద ఎన్ని సెకన్లు ఆగారు, ఎన్ని బండ్లు ఆఖరి క్షణంలో తప్పుకున్నాయి, అన్నీ వీడియోలోంచి తీయవచ్చు. మొహాలు కనబడనంత ఎత్తు నుంచి తీసినా ఈ లెక్కకు లోటు రాదు. వెనక్కి వేసిన అడుగులు ఎక్కడ ఎక్కువో అక్కడ పదో మరణం దాకా ఆగనక్కర్లేదు.

దీనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. జిల్లాలో సివిల్ బ్రాంచి ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ, పోలీసుల దగ్గర ఇప్పటికే ఉన్న డ్రోను, బడివేళకు ఒక అరగంట చాలు. ముందుగా ఈ–డార్ పటంలో గాయాల చుక్కలు చేరి, మరణాలు ఇంకా పదికి చేరని ఊళ్లను ఎంచుకోవాలి. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో, చనిపోయినవారి జాబితా చదివే ముందు ఆ అరగంట వీడియో వేసి చూపించాలి.