రాచపుండు లోతు

భద్రాచలపు అడవులలో వేసవి వచ్చినంతనే తునికాకు కోత మొదలగును. ఆ ఆకు బీడీయై మరల పల్లెలకు చేరును. కుసుమంచి ప్రాంతపు గ్రామములలోను అరుగుమీది పెద్దల చేత బీడీయో చుట్టయో కానవచ్చుట అరుదు కాదు. ఆ పొగ మొదట తాకునది నోటిని, గొంతును. చుట్ట మండు కొనను నోటిలోపల నుంచుకొను ‘అడ్డపొగ’ అలవాటు కోస్తా ఆంధ్రలో అంగిటి రాచపుండునకు కారణమగుచున్నదని గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లోనే ప్రకటించిరి.

రాచపుండు పైకి కనిపించినంత మాత్రమే కాదు. నాలుక అంచున శనగగింజంత పుండు లోపలి కండరములలోనికి వేరువలె దిగియుండవచ్చును. మెడ మిక్కిలి ఇరుకైన చోటు. శ్వాస, ఆహారము, మాట, మెదడునకు పోవు రక్తనాళములు, అన్నిటికిని అదియే దారి. కత్తి ఎక్కువ కోసిన మాట పోవును. తక్కువ కోసిన వ్యాధి మిగులును. అందుచేతనే 2017 నాటి అంతర్జాతీయ వర్గీకరణము నోటి కణితికి వెడల్పుతో పాటు లోతును గూడ లెక్కలోనికి తీసికొనెను. 5 మిల్లీమీటర్లు ఒక హద్దు, 10 మిల్లీమీటర్లు మరియొక హద్దు.

కోయకముందే ఆ లోతు నెరుగుటకు సాధనము ఎం.ఆర్.ఐ. మన దేహమున అధికభాగము నీరు. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములు చిన్న అయస్కాంతముల వంటివి. 1.5 టెస్లాల యంత్రము భూమి అయస్కాంతబలమునకు సుమారు 30,000 రెట్లు బలముతో వానిని ఒక వరుసకు తెచ్చును. రేడియో తరంగము తాకగా అవి చెదరి, మరల కుదుటపడుచు సంకేతము నిచ్చును. కండ, కొవ్వు, కణితి కుదుటపడు కాలములు వేరువేరు. ఆ భేదమే చిత్రమగును. 1973లో ఇట్టి చిత్రమును ప్రకటించిన లాటర్‌బర్‌కును, ఈ విధానమును వృద్ధిచేసిన మాన్స్‌ఫీల్డ్‌కును 2003లో నోబెల్ బహుమతి లభించినది.

నాలుక కండరములలో కణితి ఎంత దిగినది, దవడ మూలుగను చేరినదా, నరము వెంట ప్రాకినదా యను ప్రశ్నలకు ఈ చిత్రము చక్కని సమాధాన మిచ్చును. ఎముక పైపొరను చూచుటకు మాత్రము సి.టి. మేలు. రోగి గుటక వేసినను చిత్రము మసకబారును. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా చెప్పవలెను. రాచపుండు అవునో కాదో తేల్చునది చిత్రము కాదు, ముక్కపరీక్షయే.

యంత్రము లోతును కొలువగలదు గాని తగ్గింపజాలదు. మూడు వారములకును మానని నోటిపుండు, తగ్గని గొంతు బొంగురు, మెడలో నొప్పిలేని గడ్డ, వీనిలో ఏది ఇంటివారిలో కనిపించినను వెంటనే వైద్యునికి చూపవలెనని బడిపిల్లలకు తెలిసిన చాలును. పల్లెలో వైద్యుని కంటె ముందుగా తాత నోటిని చూచునది మనుమడే గదా!