సలమాంకాలో వినిమయ విద్యార్థి

విద్యకొఱకు దేశాంతరమున కేగుట నూతనమైన యాచారము గాదు. చీనాదేశమునుండి హ్యూయన్‌త్సాంగు ఏడవ శతాబ్దమున నాలందకు వచ్చి చదివెను. ఐరోపా ఖండమునందు మధ్యయుగములలో విద్యార్థులు కాలినడకను బొలోనాకును, పారిసునకును, సలమాంకాకును పోవుచుండిరి. ఇప్పుడు ఈ ప్రయాణమునకు “విద్యార్థి వినిమయము” అను నొక క్రమబద్ధమైన పద్ధతి యేర్పడియున్నది. స్పానిషు భాష మాటాడు దేశమునకు ఇట్లు పోవువాడు ఎఱిగియుండవలసిన సంగతులను, సలమాంకా నగరమును ఉదాహరణముగా గొని, ఇందు వివరింతుము.

మొట్టమొదట వినిమయ విద్యార్థి యన నెవ్వడో తెలియవలెను. స్వదేశము విడిచి పరదేశ విశ్వవిద్యాలయమున చేరి, అచ్చటనే పట్టము పొందువాడు వినిమయ విద్యార్థి కాడు. వినిమయ విద్యార్థి పేరు తన విశ్వవిద్యాలయపు పట్టికలోనే నిలిచియుండును. అతడు రుసుము నచ్చటనే చెల్లించి, ఒప్పందము గల పరదేశ విశ్వవిద్యాలయమున ఒక అర్ధసంవత్సరమో, ఒక సంవత్సరమో చదివి తిరిగి వచ్చును. అచటివారు వాని యొద్ద బోధనారుసుము గైకొనరు. ఐరోపాలో ఈ పద్ధతికి మిక్కిలి ప్రసిద్ధమైనది 1987లో ఆరంభమైన ఎరాస్మస్ ప్రణాళిక. 2015 మొదలు ఐరోపాకు వెలుపలి దేశముల విద్యార్థులకును, వారి విశ్వవిద్యాలయములకు ఒప్పందము గలచోట, ఈ ద్వారము తెఱవబడినది. అయినను, దారిఖర్చు, బస, భోజనము మొదలగు వ్యయములు స్వల్పములు గావు. తలిదండ్రుల కష్టార్జితమును వెచ్చించి పోవు ఆ సంవత్సరము సార్థక మగునా, వ్యర్థమగునా యనుటయే యిచట ముఖ్యమైన ప్రశ్న.

సలమాంకా నగరము మాడ్రిడునకు పశ్చిమముగా తోర్మెస్ నదీతీరమున నున్నది. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున నుండుటచే శీతకాలమున చలి తీవ్రము. కట్టడములు విల్యామయోర్ అను సమీప గ్రామపు ఇసుకరాతితో నిర్మింపబడి, సాయంకాలపు టెండలో బంగారువన్నె దేలును. ఇచటి విశ్వవిద్యాలయమును లియోను రాజగు తొమ్మిదవ అల్ఫాన్సో 1218లో స్థాపించెను. స్పెయినులో నేటికిని నడచుచున్న విశ్వవిద్యాలయములలో ఇదియే మిక్కిలి ప్రాచీనము. 1492లో నెబ్రిహా పండితుడు రచించిన స్పానిషు వ్యాకరణము ఈ నగరముననే ముద్రితమైనది. ఇచటి ఆచార్యుడగు లూయిస్ దె లియోను తన గ్రంథవ్యాఖ్యానముల నిమిత్తము 1572 మొదలు 1576 వఱకు చెఱలో నుంచబడెను. విడుదలయై వచ్చి, “నిన్న మనము చెప్పుకొనుచుండినట్లు” అని పాఠము నారంభించెనని ఐతిహ్యము. ఆతని పేర నున్న పాఠశాలాగదియు, అందలి మోటైన కొయ్యబల్లలును నేటికిని చూడవచ్చును.

ఒకచోట చదివిన చదువు మఱియొకచోట చెల్లుట యెట్లు? ఈ ప్రశ్నయు ప్రాచీనమైనదే. సలమాంకాలో పట్టము పొందినవారు, పారిసు, బొలోనాలు దప్ప, ఎచ్చటనైనను బోధింపవచ్చునని నాల్గవ అలెగ్జాండరు పోపు 1255లో అనుమతి నొసగెను. నేడు ఐరోపాలో ఆ పనిని “క్రెడిట్లు” చేయుచున్నవి. ఒక సంవత్సరపు చదువునకు 60 క్రెడిట్లు. స్పెయినులో ఒక్కొక్క క్రెడిటునకు 25 మొదలు 30 గంటల శ్రమ లెక్క. ఈ గంటలలో తరగతిలో కూర్చున్న కాలము మాత్రమే గాక, ఇంటియొద్ద చదివిన కాలమును చేరియుండును. గుణములు 10కి లెక్కింతురు. 5 వచ్చిన ఉత్తీర్ణత. తరగతిలో నూటికి ఐదుగురికి మించి ఇయ్యరాని ప్రత్యేక గౌరవ మొకటి గలదు.

విద్యార్థి బయలుదేరుటకు ముందే, తాను చదువబోవు విషయములను వ్రాసి, తానును, తన విశ్వవిద్యాలయమువారును, అచటివారును సంతకము చేసిన అధ్యయన ఒప్పందమును సిద్ధము చేసికొనవలెను. అచటికి పోయిన పిమ్మట ఒక పాఠము మార్చుకొన్నచో, ఆ మార్పునకును మువ్వురి సమ్మతి వ్రాతమూలముగా నుండవలెను. ఈ జాగ్రత్త లేనివాడు పరీక్షలలో ఉత్తీర్ణుడై తిరిగి వచ్చినను, ఆ చదువు స్వదేశమున లెక్కకు రాక సంవత్సరము కోల్పోవచ్చును.

ఇక భాష సంగతి. స్పానిషు ఇరువది దేశములలో రాజభాష. తెలుగు బాలునకు ఇందు కొన్ని సౌకర్యములు గలవు. దానియందు అచ్చులు మనకువలె స్పష్టముగా పలుకబడును. “మాటాడుదును, మాటాడుదువు” అని మనము క్రియాంతముననే కర్తను సూచించునట్లు, వారును “ఆబ్లో, ఆబ్లాస్” అని, నేను, నీవు అను మాటలను తఱచుగా విడిచిపెట్టుదురు. మన ప్రాచీన భాషలో రేఫమునకును శకటరేఫమునకును భేద ముండెనుగదా! స్పానిషులో ఆ వంటి భేదము నేటికిని జీవించియున్నది. “పెరో” యనిన “కాని”. “పెఱ్ఱో” యని నాలుక నదరించి పలికిన “కుక్క”. కష్టములును లేకపోలేదు. పుస్తకము పుంలింగము, బల్ల స్త్రీలింగము. వస్తువులకెల్ల ఇట్లు లింగము నేర్వవలెను. ఇంగ్లీషు తెలిసినవానిని మోసగించు మాటలును గలవు. “కొలేహియో” యనిన పాఠశాలయే గాని కాలేజి గాదు. “లిబ్రెరియా” యనిన పుస్తకముల అంగడి. గ్రంథాలయమునకు “బిబ్లియోతేకా” యని పేరు.

మనకు నీవు, మీరు ఉన్నట్లు వారికి “తూ”, “ఉస్తేద్” అని రెండు గలవు. “తమ దయ” యను అర్థముగల పూర్వపు మర్యాదమాట కాలక్రమమున కుఱుచయై “ఉస్తేద్” అయ్యెను. అయినను మన వాడుకను అచ్చట యథాతథముగా అన్వయింపరాదు. స్పెయినులో నేడు పెక్కుమంది ఉపాధ్యాయులు విద్యార్థులచే “తూ” యనిపించుకొందురు. దానిని అమర్యాదగా నెంచరు. దక్షిణ అమెరికా దేశములలో కొన్నిచోట్ల కుటుంబమునందు సయితము “ఉస్తేద్” వినబడును. కావున మొదట గౌరవవాచకమునే వాడి, ఎదుటివారు కోరినప్పుడు మార్చుకొనుట మేలు.

మఱియొక విషయము మఱువరాదు. స్పెయినులో స్పానిషు ఒక్కటియే భాష గాదు. బార్సెలోనా గల కాటలోనియాలో కాటలాను, గలీసియాలో గలీసియను, బాస్కు సీమలో బాస్కు భాషయు రాజభాషలే. బార్సెలోనాలో పెక్కు పాఠములు కాటలానులో జరుగును. ఏ పాఠము ఏ భాషలో చెప్పబడునో ముందుగా తెలిసికొనక పోయినవాడు మొదటిదినముననే దిక్కుతోచక నిలువవలసివచ్చును.

దినచర్య మనవారికి వింతగా దోచును. మధ్యాహ్నభోజనము రెండు, మూడు గంటలకు. రాత్రిభోజనము తొమ్మిది దాటిన పిమ్మట. దీనికొక కారణము గడియారమునందే యున్నది. స్పెయినులో అధికభాగము గ్రీనిచ్చి రేఖకు పశ్చిమముననే యున్నను, 1940 మొదలు మధ్యఐరోపా కాలమును అనుసరించుచున్నది. అందుచే సలమాంకాలో శీతకాలమున ఒంటిగంట దాటినగాని, వేసవిలో రెండుగంటలు దాటినగాని సూర్యుడు నడిమింటికి రాడు. అచటివారి భోజనవేళ, సూర్యునిబట్టి చూచిన, మన వేళకు మిక్కిలి దూరము గాదు.

కచేరీ వ్యవహారములందును మెలకువ యవసరము. ఆఱు నెలలకు మించి యుండువాడు, దేశము ప్రవేశించిన నెలదినములలో విదేశీయుల గుర్తింపు కార్డునకై దరఖాస్తు చేసికొనవలెను. అచటి కాగితములలో ఇంటిపేర్లకు రెండు గడు లుండును; ప్రతి స్పెయిను పౌరునికి ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చును; రెండును పేరునకు పిమ్మట వ్రాయుదురు. మనవారికి ఇంటిపేరు ఒక్కటియే, అదియు ముందు. కావున పాస్‌పోర్టులో నున్నట్లే అన్ని కాగితములయందును వ్రాయకున్న, ఒక్క మనిషియే ఇరువురుగా నమోదు కావచ్చును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను సంవత్సరమును వ్యర్థము చేయగల దోష మొకటి మిగిలియున్నది. అది తనవారితోనే కూడియుండుట. స్వదేశీయులతో ఒకే యింట బసచేసి, తనభాషయో ఇంగ్లీషో మాటాడుచు, సెలవులలో నగరములు చూచి వచ్చువాడు, చిత్రపటములు దప్ప వేఱేమియు తేలేడు. స్పెయిను విద్యార్థులతో కలిసి అద్దెయింట నుండుట, “మీకు తెలుగు నేర్పుదును, నాకు స్పానిషు నేర్పుడు” అని ఒక స్నేహితునితో వారమునకు రెండుగంటలు కూర్చుండుట, ఖర్చులేని మంచి యుపాయములు. వినిమయ మనగా ఇచ్చి పుచ్చుకొనుట. తన ఊరి పంటలను, పండుగలను, భాషను గూర్చి అడిగిన చెప్పలేనివాడు ఇయ్యగలిగిన దేమి? దూరదేశమునకు పోవువానికి స్వదేశపరిజ్ఞానమే మొదటి దారిబత్తెము.

మన సీమకును స్పెయినునకును సంబంధము లేకపోలేదు. బార్సెలోనాలో 1920లో జన్మించిన విసెంతె ఫెర్రర్‌గారు అనంతపురమున 1969లో గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో ఆ పట్టణముననే పరమపదించిరి. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమున స్పానిషు బోధింపబడుచున్నది. కోరిక గలవారు తొలి మెట్లను స్వదేశముననే యెక్కవచ్చును.

ప్రియ విద్యార్థులారా! దేశాంతరము పోవుట అందఱకును లభింపదు. లభింపకున్న చింతింపవలసిన పనియు లేదు. లభించినవారు మాత్రము ఒప్పందమును వ్రాతమూలముగా నుంచుకొని, భాషను ముందుగా నభ్యసించి, అచటివారి నడుమ వినయముతో మెలగుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ తిరిగి వచ్చినపుడు ఎన్ని నగరములు చూచితివని యడుగుటకు ముందు, ఎందఱితో స్నేహము చేసితివి, వారికేమి నేర్పితివి, వారివలన నేమి నేర్చితివి అని యడుగుడు. ఆ ప్రశ్నలకు బిడ్డ సంతోషముతో బదులు చెప్పగలిగినచో, మీరు వెచ్చించిన ధనము వ్యర్థము కాలేదని నిశ్చయముగా నమ్మవచ్చును.